పరగడుపున తాగిన టీ

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నట్టు పైకి కనిపించదు. వేళకు తింటాను. ఎరువుల దుకాణంలో కూర్చుని యూరియా బస్తాలు అమ్ముతాను. పెళ్ళిళ్ళకు పోతే నన్ను ముందు వరసలో కూర్చోబెడతారు. మా వాళ్ళలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, ఏ ఆసుపత్రికి పోవాలి, ఏ డాక్టరు మంచివాడు అని ముందు నన్నే అడుగుతారు. చదువుకున్నవాడు, నాలుగు ఊళ్ళు తిరిగినవాడు, మన తరఫున మాట్లాడతాడు అని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకంతో ఎవరైనా నా దుకాణం మెట్లెక్కితే నేను గబగబా రసీదు పుస్తకం తెరిచి ఏదో రాసుకోవడం మొదలుపెడతాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. మాది గిద్దలూరు అని మాత్రం చెప్తాను, గిద్దలూరులో ఎరువుల దుకాణాలకు కొదవ లేదు. మా అక్కకు చదువు రాదు, ఆమె దీన్ని చదవదు. ఆ ధైర్యంతోనే కూర్చున్నానేమో. చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా తప్పించుకునే సందు వెతుక్కుంటున్నాను.

సూటిగా చెప్తాను. మా అక్క భర్తను, అంటే మా బావను, గుండెకు స్కాన్ తీయించడానికి నేనే తీసుకుపోయాను. అక్కడ నేను ఒక అబద్ధం చెప్పాను. స్కాన్ బాగుందని వచ్చింది. కొన్ని నెలలకు బావ గుండెపోటుతో పోయాడు.

ఇంతే. ఇంత చిన్నది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మా బావది కొమరోలు అవతల ఒక పల్లె. అన్నీ మెట్ట చేలు. వాన పడితే పంట, లేకుంటే లేదు. ఆ చుట్టుపక్కల ఆయనకు నీళ్ళు చూసే మనిషని పేరు. ఎవరు బోరు వేయాలన్నా ముందు ఆయన్ను పిలిచేవాళ్ళు. చెప్పులు విడిచి, అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా నడిచేవాడు. కింద నీళ్ళున్న చోట కాయ దానంతట అదే లేచి నిలబడుతుందంటారు. నేను డిగ్రీలో సైన్సు చదివినవాణ్ణి. కాయను నీ చెయ్యే లేపుతున్నది బావా అని ఏడిపించేవాణ్ణి. అయితే నీ సైన్సునే పిలుచుకో పో అని నవ్వేవాడు. ఇంత చేసి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఒక గ్లాసు టీ పోస్తే చాలు. టీ అంటే ఆయనకు అంత ప్రాణం. శనివారం ఒక్కపొద్దు ఉండేవాడు. పొద్దుగూకే దాకా అన్నం ముట్టేవాడు కాదు కానీ, టీ మాత్రం ఎవరింట్లో పోసినా కాదనేవాడు కాదు. మా వైపు అందరిదీ అదే పద్ధతి. టీ తాగితే ఒక్కపొద్దు చెడదు. టీ తిండి కిందికి రాదు.

ఆ ఎండాకాలం బావకు చేను గట్టు ఎక్కుతుంటే ఎదలో పట్టేసినట్టు ఉండడం మొదలైంది. కాసేపు కూర్చుంటే పోయేది. మార్కాపురంలో డాక్టరుకు చూపించాం. ఆయన ఇసీజీ తీసి, దీనిలో ఏదీ తేలడం లేదు, గుంటూరు పోయి న్యూక్లియర్ స్కాన్ తీయించండి అన్నాడు. నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు, అది రక్తంతో పాటు గుండె కండలోకి పోతుంది, పైన కెమెరా పెట్టి గుండెలో ఏ భాగానికి రక్తం బాగా అందుతున్నది, ఏ భాగానికి అందడం లేదు అని ఫొటోలు తీస్తారు అని చెప్పాడు. ఒకసారి గుండె నెమ్మదిగా ఉన్నప్పుడు, ఒకసారి దానికి పని పెట్టినప్పుడు. పని పెట్టడమంటే మామూలుగా మిషను మీద గబగబా నడిపిస్తారట. బావకు ఎప్పుడో ఎద్దులబండి తిరగబడి ఒక మోకాలు పాడైంది. అట్లాంటి వాళ్ళకు నడక బదులు ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు. అది గుండె రక్తనాళాలను తెరుస్తుంది.

గుంటూరు ఆసుపత్రి వాళ్ళతో ఫోనులో మాట్లాడింది నేనే. పొద్దున ఏమీ తినకుండా రావాలి అన్నారు. ముందు రోజు నుంచి టీ, కాఫీ, కూల్‌డ్రింకులు ముట్టకూడదు అని కూడా అన్నారు. దుకాణంలో రైతులు నిలబడి ఉన్నారు. ఒకాయన పురుగుమందు డబ్బా తిప్పి చూస్తున్నాడు. నేను ఫోను పెట్టేసి, వెంటనే అక్కకు ఫోను చేసి, బావను పరగడుపున రమ్మన్నారు అని ఒక్క ముక్కలో చెప్పాను. పరగడుపు అంటే మా వాళ్ళ లెక్కలో అన్నం లేదు, ఇడ్లీ లేదు. టీ ఉంది. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆ నిమిషంలో తట్టలేదు. ఇంతవరకు జరిగినదాన్ని పొరపాటు అనుకోవచ్చు. ఇంతవరకు నన్ను నేను క్షమించగలను.

మర్నాడు సాయంత్రం గిద్దలూరులో రైలెక్కి గుంటూరు చేరాం, లాడ్జిలో పడుకున్నాం. పొద్దున ఆసుపత్రికి నడిచిపోతుంటే రోడ్డు పక్కన టీ బండి కనిపించింది. బావే ఆగాడు. నేనూ ఆగాను. పాలు చిక్కగా, డికాషన్ నల్లగా ఉంది. బాగుందని రెండో గ్లాసు కూడా పోయించుకున్నాడు. ఎదురుగా నిలబడి నేనూ తాగాను. అప్పుడైనా గుర్తు రావాలి కదా? రాలేదు. నా మనసంతా మర్నాడు వచ్చే బోరు బండి మీద ఉంది.

ఆ బోరు బండి గురించి చెప్పాలి. అది చెప్పకపోతే నేనేదో అమాయకత్వంతో అబద్ధమాడానని మీరు అనుకుంటారు. నాకు గిద్దలూరు దగ్గరే బత్తాయి తోట ఉంది. ఉన్న బోరు ఎండిపోయింది. చెట్లు ఆకు ముడుచుకుని పిందె రాలుస్తున్నాయి. ఆ ఎండల్లో బోరు బండి దొరకడం అంటే పెళ్ళికి ముహూర్తం దొరకడం కంటే కష్టం. ఏజెంటు చుట్టూ ఎన్నోసార్లు తిరిగితే, మర్నాడు పొద్దున పంపిస్తానని మాట ఇచ్చాడు. ఆ రోజు తప్పితే బండి కనిగిరి వైపు పోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు. పాయింటు చూసింది బావే. సైన్సు, సైన్సు అని ఎగతాళి చేసిన నేనే చెట్లు ఎండేసరికి ఆయన కాళ్ళ దగ్గరికి పోయాను. బోరు పడేటప్పుడు ఆయన అక్కడ ఉండాలి, ఆయన లేకుండా నేను మొదలుపెట్టను. అంటే ఆ రోజు స్కాన్ అయిపోవాలి, ఆ సాయంత్రం రైలుకు మేమిద్దరం ఇంటిముఖం పట్టాలి.

ఆసుపత్రిలో ఒక గదిలో కూర్చోబెట్టారు. స్కాన్ తీసే పిల్ల వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. పొద్దున్నే ఎంత మందిని చూసిందో, మొహంలో అలసట ఉంది కానీ మాటలో విసుగు లేదు. బావ జబ్బలో సూది పెట్టే ముందు అడిగింది.

"పెద్దాయనా, నిన్నటి నుంచి టీ గానీ కాఫీ గానీ ఏమైనా తాగారా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఫోనులో విన్న మాట మొత్తం ఒక్కసారి గుర్తొచ్చింది.

బావ నోరు తెరిచాడు. "పొద్దున..." అని సగం మాట బయటికి వచ్చింది కూడా. నేను ఆయన చెయ్యి పట్టుకుని నొక్కాను.

"ఏమీ తాగలేదమ్మా," అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసింది. "తాగి ఉంటే చెప్పండి బాబాయి గారూ, తప్పేం లేదు. ఇంకో రోజు పెట్టుకుందాం. తాగి చేయించుకుంటే ఇంజెక్షన్ సరిగ్గా పనిచేయదు. లోపల జబ్బున్నా ఫొటోలో కనపడదు."

ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన కథలో ఈ మాటలు ఉండవు. నా కథలో ఆ పిల్ల ఊరికే అడిగింది, నేను ఊరికే చెప్పాను, టీ వల్ల ఏమవుతుందో నాకు తెలియదు. ఇక్కడ కూడా అట్లాగే రాద్దామని చెయ్యి అటే పోయింది. కానీ ఆమె చెప్పింది. విడమరిచి చెప్పింది. నేను విన్నాను.

"లేదమ్మా, పరగడుపునే వచ్చినాం," అన్నాను.

ఆమె సామాను తెచ్చుకోవడానికి పక్క గదిలోకి పోయినప్పుడు బావ నా చెవి దగ్గరికి వంగాడు.

"అదేందిరా, పొద్దున తాగినాం గదా?"

"టీకేం గాదులే బావా. తాగినామంటే ఈ పొద్దు చెయ్యరు, మళ్ళా రమ్మంటారు. రేపు బోరు బండి వస్తాంది."

"అట్లనా. సరేలే, ఇయ్యన్నీ నీకు తెలిసినంత నాకేం తెలుసు," అని బావ చెయ్యి చాచి పడుకున్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అట్లా అనుకున్నాడు. ఆ తెలిసినవాణ్ణి నేను.

ఒక్క బోరు కోసమే అబద్ధమాడానా? దీన్ని చాలాసార్లు తిరగేసి చూసుకున్నాను. బోరు ఒక్కటే కాదు. టీ తాగామని చెప్తే, తాగకూడదని ముందే చెప్పాం కదా అని ఆ పిల్ల అంటుంది. నాకెవరు చెప్పినారు అని బావ నా వైపు చూస్తాడు. తిరిగి ఇంటికి పోతే అక్క అడుగుతుంది, ఇంత చదువుకుని ఆ ఒక్క మాట చెప్పలేకపోయినావా అని. ఆ చిన్నతనం నేను పడలేకపోయాను. రెండిట్లో ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఒక్కోరోజు బోరు అనిపిస్తుంది, ఒక్కోరోజు పరువు అనిపిస్తుంది. రెండూ కలిపినా ఒక మనిషి ప్రాణం ముందు ఎంత?

స్కాన్ అయ్యాక ఆ పిల్ల కొన్ని జాగ్రత్తలు చెప్పింది. ఒంట్లోకి పోయిన మందు ప్రభావం ఆ రోజంతా ఉంటుంది, చంటిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ రోజుకు దూరంగా ఉండండి, నీళ్ళు బాగా తాగండి అంది. సాయంత్రం రైల్లో మా ఎదుటి సీటులోకి ఒకామె పసిబిడ్డతో వచ్చి కూర్చుంది. బావ వెంటనే లేచాడు. నాకు దగ్గరికి రావద్దమ్మా, నాలో కరెంటు ఉండాది అని ఆమెకు చెప్పి, కుంటి మోకాలితో పోయి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎవరెంత చెప్పినా కూర్చోలేదు. కురిచేడు దాటాక ఆమె దిగిపోయింది. అప్పుడు వచ్చి కూర్చున్నాడు. ఇంటికి పోయాక కూడా ఆ పూట కూతురి బిడ్డను ఎత్తుకోలేదు. చెప్పిన మాట జవదాటని మనిషి ఆయన. టీ తాగవద్దు బావా అని నేను ఒక్క మాట చెప్పి ఉంటే, గొంతు ఎండిపోయినా తాగి ఉండేవాడు కాదు. ఈ సంగతి నన్ను పీడించినంతగా ఇంకేదీ పీడించలేదు.

స్కాన్ చూసిన డాక్టరు, రక్తం బాగానే అందుతున్నది, ఇప్పటికి భయం లేదు అన్నాడు. నొప్పి మళ్ళీ వస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు అని కూడా అన్నాడు. ఇంట్లో అందరికీ మొదటి మాట చెప్పాను. రెండో మాట చెప్పలేదు. శుభం పలికే చోట ఎందుకనుకున్నాను.

మర్నాడు బోరు పడింది. ముందు దుమ్ము, తర్వాత బురద, తర్వాత నీళ్ళు. బావ దోసిలి పట్టి తాగి, తియ్యగుండాయిరా అని కేకేశాడు. నా తోట బతికింది. ఇప్పటికీ ఆ నీళ్ళే తోటకు, ఇంటికి. పొద్దున మోటరు వేయడానికి మా జీతగాణ్ణి పంపుతాను, నేను పోను.

బావ ఊళ్ళో ఎవరు కనిపించినా చెప్పుకునేవాడు. గుంటూరులో కెమెరా పెట్టి చూసినారు, నా గుండె రాయి మాదిరి ఉండాదంట అని. ఎదలో పట్టేస్తే గ్యాస్ అనేవాడు. పత్తి చేలో పనికి పోయేవాడు. స్కాన్ బాగుంది కాబట్టి అక్క కూడా భయపడడం మానేసింది. నేను మాత్రం ఆయన గట్టు ఎక్కుతుంటే వెనక నుంచి చూసేవాణ్ణి. ఆగాడా? ఎద మీద చెయ్యి వేశాడా? చూసేవాణ్ణి కానీ నోరు తెరిచేవాణ్ణి కాదు. దొంగకు తేలు కుట్టినట్టు.

ఇక అసలు సంగతి. ఇది అబద్ధం కంటే పెద్దది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. తమ్ముడా, బావకు ఎదలో పట్టేసినట్టుండాదంట, చెమటలు పోస్తాండాయి, ఏం చేద్దాం అని అడిగింది. స్కాన్ బాగుండాది గదా, గ్యాసేలే అంటాండాడు, నువ్వేమంటావు అంది.

నాకు టీ గుర్తొచ్చింది. ఆమె మాట పూర్తి కాకముందే గుర్తొచ్చింది. ఆ పిల్ల చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది. ఆ స్కాన్ ను నమ్మవద్దక్కా, వెంటనే ఆటో ఎక్కించు అని చెప్పాలి. ఎందుకు నమ్మవద్దు అని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి? కారణం చెప్పకుండానే ఆసుపత్రికి పొమ్మని ఉండవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అదే అడుగుతున్నాను. ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. నాకు తెలిసిందల్లా ఒకటే. ఆ నిమిషంలో, స్కాన్ తప్పు కాదు అని నాకు నేను గట్టిగా చెప్పుకోవాలనిపించింది. బావకు వచ్చింది గ్యాసే అయితే నేను చేసింది తప్పు కాదు. నా తప్పు లేకుండా పోవాలంటే ఆయనది గ్యాస్ కావాలి.

"గ్యాసేలేక్కా, సోడా తాగి పండుకోమను. దుకాణం మూసి సాయంత్రం నేనొస్తా," అన్నాను.

సాయంత్రం దాకా ఆగలేదు బావ.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. నువ్వు మాత్రం ఏం చేస్తావు, స్కాన్ చూసినోళ్ళే బాగుందన్నాక అని నన్నే ఓదార్చింది. ఆమె తిట్లన్నీ ఆ పిల్ల మీద పడ్డాయి. ఆ పిల్ల చేతులు పడిపోను, చూసిన కళ్ళు పోను, సరిగ్గా తియ్యకుండా నా ఇల్లు ముంచె అని గుండెలు బాదుకుంది. ఏటా బావ సంవత్సరీకం రోజు మొదలుపెట్టి రెండు రోజులు ఆ తిట్లు సాగుతాయి. వచ్చినవాళ్ళు ఔనౌనంటారు. పెద్ద పెద్ద మిషన్లన్నీ మోసమే అంటారు. మా పల్లెల్లో గుండె స్కాన్ అంటే ఆయన పేరే చెప్తారు, బాగుందని పంపినారు, ఏమైంది అని. నేను విస్తరి ముందు తల వంచుకుని తింటాను.

టీ వల్లే స్కాన్ తప్పిందా? ఖాయంగా ఎవరు చెప్పగలరు? ఒకసారి మార్కాపురంలో ఇంకో డాక్టరును, నా స్నేహితుడి సంగతి అన్నట్టుగా అడిగాను. ఆయన ఓపికగా చెప్పాడు. కాలువకు నీళ్ళు వదిలితేనే కదా ఏ మడికి ఎక్కుతున్నాయో, ఏ మడికి ఎక్కడం లేదో తెలిసేది, ఆ ఇంజెక్షన్ నీళ్ళు వదలడం లాంటిది, టీ దానికి అడ్డుపడుతుంది, అప్పుడు అన్ని మళ్ళూ ఒకే రకంగా కనిపిస్తాయి అన్నాడు. అందరికీ అట్లాగే అవుతుందని కాదు, కొందరికి అవుతుంది, చెప్పలేం అన్నాడు. ఆ చెప్పలేం అన్న మాటను పట్టుకుని కొన్నాళ్ళు బతికాను. తర్వాత అదీ సరిపోలేదు. టీ సంగతి చెప్పలేరేమో. ఆ మధ్యాహ్నం అక్కతో ఫోనులో నేనన్న మాట సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇదంతా నాతోనే మట్టిలో కలిసిపోయేది. కలిసిపోవాలనే కోరుకున్నాను. కానీ ఈమధ్య మా మేనల్లుడికి, అంటే అక్క కొడుకుకు, అదే నొప్పి మొదలైంది. వాడు ట్రాక్టరు బాడుగకు తిప్పుతాడు. నలభైకి దగ్గర పడుతున్నాడు, ఇద్దరు చిన్నపిల్లలు. ట్రాక్టరు ఎక్కుతుంటే ఎడమ భుజం లాగుతున్నదని వాళ్ళావిడ ఏడుస్తూ నాకు చెప్పింది. డాక్టరు వాళ్ళ నాయన సంగతి విని, ఆలస్యం చేయకుండా అదే స్కాన్ తీయించుకోమన్నాడు. వాడు ససేమిరా పోనన్నాడు.

వాడికి నచ్చజెప్పమని నన్ను పిలిచారు. నన్నే.

"నాయనకు తీసినారు గదా మామా. బాగుందన్నారు. అది నమ్మే గదా ఇంట్లో పండుకున్నాడు. నాకెందుకు మళ్ళా ఆ మిషను?" అన్నాడు వాడు.

వాడి పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నారు. వాడి మొహం అచ్చం బావ మొహమే. నా అబద్ధం ఒక మనిషితో ఆగలేదని అప్పుడు తెలిసింది. అది వాడి దాకా వచ్చింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇంకొకణ్ణి కూడా తీసుకుపోతుంది.

వాణ్ణి ట్రాక్టరు షెడ్డులోకి తీసుకుపోయి చెప్పాను. టీ బండి సంగతి, ఆ పిల్ల అడిగిన మాట, నేనిచ్చిన జవాబు, బోరు, అన్నీ చెప్పాను. స్కాన్ తప్పు కాదురా, తప్పు నాది అన్నాను. ఆ మధ్యాహ్నం అక్క చేసిన ఫోను సంగతి చెప్పలేదు. అంత ధైర్యం రాలేదు.

వాడు ట్రాక్టరు టైరుకు పట్టిన మట్టిని వేలితో గీకాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అంటే, ఆ పొద్దు అమ్మ ఫోన్ చేసినప్పుడు నీకు తెలుసు."

చెప్పకుండా దాచుకున్నదాన్ని వాడే తీసి నా ముందు పెట్టాడు. తెలుసు అన్నాను.

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. వాడు కొట్టలేదు, తిట్టలేదు. "నేను పోతాలే స్కాన్ కు. నువ్వు రాబాక," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "అమ్మకు చెప్పబాక మామా. ఆమెకు పుట్టింటోళ్ళలో నువ్వొక్కడివే మిగిలినావు. నువ్వు ఇట్లాంటోడివని తెలిస్తే ఆమెకు ఇంకెవరున్నారు?"

అది దయా? శిక్షా? నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళు అక్కకు చెప్పే ధైర్యం లేక చెప్పలేదు. ధైర్యం వచ్చిన రోజున చెప్పే దారి మూసుకుపోయింది. అందుకే మీ దగ్గరికి వచ్చాను.

మేనల్లుడు భార్యను వెంటబెట్టుకుని గుంటూరు పోయాడు. టీ ముట్టలేదట. స్కాన్ లో తేడా ఉందన్నారు. తర్వాత పరీక్షల్లో ఒక రక్తనాళం బాగా పూడుకుపోయిందని తేలింది. స్టెంటు వేశారు. ఇప్పుడు తిరుగుతున్నాడు. నాకు ఎదురుపడితే మామా అని పలకరిస్తాడు, నలుగురిలో పలకరించాలి కాబట్టి. ఇంట్లోకి రమ్మనడు.

మొన్న అక్క మా ఇంటికి వచ్చింది. కొడుకు బతికిన సంతోషంతో కజ్జికాయలు చేసి తెచ్చింది. నా పక్కన కూర్చుని, నా చేతిలో ఒకటి పెట్టి, తినమని చూస్తూ కూర్చుంది.

"ఈ తడవ స్కాన్ తీసిన పిల్ల ఎవురో గానీ సల్లగుండాల. బిడ్డను కాపాడింది," అంది. వెంటనే గొంతు మారిపోయింది. "ఆ పొద్దు ఆ పాపిష్టిది కూడా ఇట్ల సరిగ్గా తీసుంటే నా పసుపు కుంకాలు నిలిచేవి గదా తమ్ముడా. దాని చేతులు..."

"తిట్టబాకక్కా," అన్నాను. ఎప్పుడూ అనని మాట, నోరు జారి వచ్చేసింది. "ఆ పిల్ల తప్పేం లేదు. ఆ పిల్ల సరిగ్గానే తీసింది."

అక్క తిట్టడం ఆపి నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. ఆశ్చర్యం ఉంది.

"నీకెట్ల తెలుసు?" అంది.

అమ్మకు చెప్పబాక అన్న మేనల్లుడి మాట గుర్తొచ్చింది. నేను కజ్జికాయ కొరికి నమిలాను. ఏందో పిచ్చోడు అని నవ్వుకుని, అక్క లోపలికి పోయింది. ఆమెకు చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాశాను.